నన్ను రెండు చేసిన పూట

సిస్టమ్‌లో బిగించిన రోజున నేనంతా ఒకే సీ డ్రైవ్‌ని. నా మీద 1 టెరాబైట్ అని రాసి ఉన్నా విండోస్ నన్ను 931 జీబీగానే చూపించింది. తయారుచేసినవాళ్లు వెయ్యి చొప్పున లెక్క కడతారు, విండోస్ 1,024 చొప్పున కడుతుంది. నాలో తరుగేమీ లేదు. నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతూ ఈ డీటీపీ సెంటర్ పనంతా మోస్తున్నాను. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు, ఊళ్లో కవుల పుస్తకాలు... చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవే.

షాపు నడిపే అక్క ఏ ఫైలైనా డెస్క్‌టాప్ మీదే సేవ్ చేసేది. డెస్క్‌టాప్ మీద ఉన్నదీ సీలోనే ఉంటుందని చాలామందికి తెలియదు. విండోస్ పాడైతే మెకానిక్ నోట వచ్చే మొదటి మాట ‘ఫార్మాట్ కొట్టాలి’. కొడితే విండోస్‌తో పాటు శుభలేఖలూ పోతాయి. సర్వీసుకు వచ్చిన కుర్రాడు అది చూసి కంగారుపడ్డాడు.

“అంతా సీలోనే పెట్టేశారేంటక్కా?”

“ఉన్నవి పోకుండా డీ డ్రైవ్ చేయగలవా తమ్ముడూ?”

“చేయొచ్చక్కా. విస్టా నుంచి విండోస్‌లోనే ఆ వీలుంది, మీది సెవెన్. ముందు ముఖ్యమైనవన్నీ బయటి డిస్కులోకి కాపీ చేద్దాం. యూపీఎస్ బ్యాటరీ బాగానే ఉందిగా?”

ఆ ఒక్క ప్రశ్నతో అతని మీద నాకు గురి కుదిరింది. పని మధ్యలో కరెంటు పోతే, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే లెక్కలే తారుమారు కావచ్చు.

డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సీ మీద రైట్ క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్ నొక్కాడు. నాలో ముప్పాతిక భాగం ఖాళీయే. విండోస్ మాత్రం అందులో కొంతే ఇస్తానంది. ఆ ఖాళీ నడుమ పేజ్‌ఫైల్, హైబర్నేషన్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు ఉన్నాయి. విండోస్ నడుస్తుండగా వాటిని జరపడానికి లేదు. అతను వాటిని తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ అడిగాడు. ఈసారి కావలసినంతా దొరికింది. వెనక ఉన్న ఫైళ్లను నా హెడ్లు చదివి, ముందున్న ఖాళీల్లో తిరిగి రాశాయి. మిగిలిన చోటు తెర మీద నల్ల పట్టీలా కనిపించింది. దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేశాడు. డీ అక్షరం అప్పటికే డీవీడీ డ్రైవ్ దగ్గరుంది. దానికి వేరే అక్షరమిచ్చి, డీని కొత్త భాగానికి పెట్టాడు. ఏ, బీ ఏనాడో ఫ్లాపీల పరమయ్యాయి. మా వరస సీతో మొదలవడానికి కారణం అదే.

నా పళ్లేలు విప్పి వెతికినా సీకీ డీకీ మధ్య గీత కనిపించదు. విభజన అంతా నా మొట్టమొదటి సెక్టార్‌లో ఉంది. దాని పొడవు 512 బైట్లు. అందులో 446 బైట్లు సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్‌కు, 64 బైట్లు పార్టిషన్ పట్టికకు, చివరి రెండు గుర్తుకు. పట్టికలో నాలుగే వరసలు. ఒక్కో వరసలో ఆ భాగం ఎక్కడ మొదలై ఎన్ని సెక్టార్లు నడుస్తుందో ఉంటుంది. పొలంలో గట్టు లేకున్నా అడంగల్‌లో సర్వే నంబర్లు వేరుగా ఉన్నట్టే ఇదీ. నా మొదటి వరస విండోస్ తనకోసం ముందే తీసుకున్న 100 ఎంబీ, రెండోది సీ, మూడోది డీ. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ, డాస్ 2.0 వచ్చినప్పటి పద్ధతి ఇది. ఆనాటి హార్డ్ డిస్క్ 10 ఎంబీ. సెక్టార్ల సంఖ్యకు నాలుగు బైట్లే కేటాయించడంతో ఈ పట్టిక 2 టెరాబైట్ల దగ్గర ఆగిపోతుంది. అంతకంటే పెద్ద డిస్కులకు జీపీటీ అనే మరో రకం పట్టిక కావాలి. విండోస్ అందులో 128 వరసలు ఉంచుతుంది, పట్టిక నకలు డిస్క్ చివర కూడా ఉంటుంది. ఆ నకలు విషయంలో వాళ్లు నాకంటే అదృష్టవంతులు.

ముక్కలు చేస్తే వేగం పెరుగుతుందని కొందరు నమ్ముతారు. నా సెక్టార్ల లెక్క పళ్లెం బయటి అంచున మొదలవుతుంది. అక్కడ చుట్టు పెద్దది కాబట్టి ఒక్క తిరుగుడులో ఎక్కువ డేటా అందుతుంది. ముందున్న సీకి ఆ లాభం ఉంది. కానీ నా హెడ్లన్నీ ఒకే చేతికి బిగించి ఉంటాయి. సీ నుంచి డీకి కాపీ చేస్తే ఆ చెయ్యి అటూ ఇటూ పరుగెత్తాల్సిందే. నాలుగైదు ముక్కలు చేయడం నాకు ఇష్టం లేదు. ఒకటి నిండి ఎర్రబడుతుంది, పక్కది ఖాళీగా పడి ఉంటుంది.

తర్వాత ఒక ముహూర్తాల సీజన్లో విండోస్ నిజంగానే లేవలేదు. సీ ఒక్కదాన్నే ఫార్మాట్ కొట్టి కొత్తగా వేశారు. డీలో ఒక్క ఫైలూ చెక్కు చెదరలేదు. తెరవగానే అక్షరాలు అర్థంకాని గుర్తులుగా కనిపించి అక్క బెదిరింది. అను ఫాంట్లు సీతో పాటు పోయాయి, అంతే. మళ్లీ ఇన్‌స్టాల్ చేయగానే వధూవరుల పేర్లు తిరిగొచ్చాయి. ఆ సాయంత్రం ప్రింటింగ్ ఆగలేదు. నన్ను రెండు చేసినందుకు దక్కిన ఫలితం అదే, నాకు అది చాలా పెద్దది.

ఆ ధీమాతో అక్క బయటి డిస్కును సొరుగులో పడేసింది. “డీలో భద్రంగా ఉన్నాయిగా” అంటే కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. “డీ కూడా ఈ డిస్కేనక్కా. మోటారు ఆగితే రెండూ ఒకేసారి పోతాయి.”

నేను చెప్పాలనుకున్న మాట అతను చెప్పాడు. ఇప్పుడు ప్రతి శనివారం షాపు కట్టేముందు అక్క బయటి డిస్కు తగిలిస్తుంది. ఆ వారం కొత్తగా చేరినవన్నీ డీ నుంచి చదివి దానికి అప్పజెబుతాను. నేను చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.