అధికస్యాధికం ఫలమ్

దానమునందును, జపమునందును, పెండ్లివిందులో నేతివడ్డనయందును ‘అధికస్యాధికం ఫలమ్’ అని విశ్వసించిన మన జాతి, ఇటీవల ఆ విశ్వాసమును కారు టైర్లలోని గాలికి సైతము విస్తరింపజేసి, యంత్రశాస్త్రమున కొక నూతనాధ్యాయమును సమకూర్చినది. గాలియనగానే రాజకీయనాయకులను స్మరించుట వ్యంగ్యరచయితల కుల మర్యాద గాని, వారి గాలికి కొలత లేదు, దీనికి కలదు. కావున నేడు వారిని విడిచిపెట్టుచున్నాను.

మా వీధిలో ఖజానాశాఖనుండి విరమించిన పెద్దమనిషి యొకరు కలరు. ఆయన కారును తయారుచేసినవారు బండి బరువును, బ్రేకుల బలమును, మలుపుల యందలి నిలకడను విచారించి, టైరు చల్లగా నున్నప్పుడు చదరపు అంగుళమునకు 33 పౌండ్ల గాలి యుండవలెనని నిర్ణయించి, డ్రైవరు తలుపు తెరవగానే కంటబడునట్లు చీటి అంటించిరి. ఈయన తలుపు నిత్యము తెరచుచునే యున్నారు గాని చీటి మాత్రము కంటబడుటలేదు. పెట్రోలు బంకులో గాలిపైపు పట్టుకొన్న కుర్రవాడు “ఎంత కొట్టమంటారు సార్?” అనగానే, “నలభై కొట్టవోయ్!” అని శాసింతురు. ఆధారమేమనగా, టైరు ప్రక్కభాగమున రబ్బరుపై అచ్చైన 51 అను అంకె. “కంపెనీవాడే యాభైయొకటి అన్నాడండీ, నేను నలభై దగ్గరే ఆగాను” అని తమ నిగ్రహమునకు తామే మురిసిపోవుదురు. అది ఆ టైరునకు గరిష్ఠావధియే గాని, ఆ కారునకు విధించిన మోతాదు కాదు; అయినను మంజూరైన గరిష్ఠ మొత్తమునకును, వ్యయింపవలసిన మొత్తమునకును గల భేదమును ఖజానా ఉద్యోగికి బోధించుటకు నేనెవడను?

ఆయన వాదము బొత్తిగా నిరాధారము కాదని ధర్మముగా ఒప్పుకొనవలెను. టైరు గట్టిపడినకొలది తక్కువగా వంగును, దొర్లుటకు నిరోధము తగ్గును, మైలేజీ రవంత పెరుగును. అయితే ఆ రవంత యెంత? సగటున ఒక్కొక్క పౌండు గాలి తగ్గిన మైలేజీ నూటికి 0.2 వంతు తగ్గునని అమెరికా ప్రభుత్వ ఇంధనశాఖవారి అంచనా. ఆ లెక్కయే పైకిని వర్తించునని ఉదారముగా అంగీకరించినచో, ఏడు పౌండ్ల అదనపు గాలికి ఫలము నూటికి 1.4 వంతులు. హైదరాబాదునుండి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. లీటరుకు 18 చొప్పున 15 లీటర్లు. మిగులునది లీటరులో అయిదవ వంతు. పంతంగి టోలుగేటు దాటి హోటలువద్ద ఆగి ఆ లాభముతో సకుటుంబముగా కాఫీ త్రాగదలచినచో, ఒక్కరు త్రాగుచుండగా తక్కినవారు చూచుచుండవలెను.

ఈ స్వల్పలాభమునకై టైరు తన పాదమును కుదించుకొని, నేలను నడిమిభాగముతోనే తాకుచు, పట్టు సడలి, బ్రేకు వేసినప్పుడు మరికొంత దూరము సాగును. గుంత తగిలినప్పుడు తాను మ్రింగవలసిన కుదుపును సస్పెన్షనుకును, దాని ద్వారమున యజమాని వెన్నెముకకును నివేదించును. 1888లో గాలిటైరునకు పేటెంటు పొందిన బెల్ఫాస్టు పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపులు చూడలేక ఆ ప్రయత్నమునకు దిగినవాడు. 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ ఆ ఊహకు పేటెంటు తీసికొనియుండుటచే డన్‌లప్ పేటెంటు పిదప చెల్లకపోయెను. వీరిద్దరి శ్రమను వమ్ముచేసి, రబ్బరును మరల కొయ్యచక్రముగా మార్చు విద్యకు మాత్రము ఇంకను ఎవరును పేటెంటు కోరినట్లు లేదు.

ఇక వేసవి వచ్చినదా, ఈ వాయుభక్తులే నాస్తికులగుదురు. ఎండకు గాలి వ్యాకోచించి టైరు ప్రేలునను భయముచే, ముందుగానే 25కు దింపింతురు. ఉష్ణోగ్రత సుమారు అయిదారు సెల్సియస్ డిగ్రీలు పెరిగినచో ఒక పౌండు ఒత్తిడి పెరుగుట నిజమే. ఆ పెరుగుదలను లెక్కలోనికి తీసికొనియే చల్లని టైరునకు కొలత విధించిరి. గాలి చాలని టైరు ప్రక్కలు అదేపనిగా వంగి, లోలోపల కాగి, హైవే వేగములో చిరిగిపోవుననియు, దీర్ఘప్రయాణములలో ఇదియే పెద్ద గండమనియు చెప్పినచో, నన్ను జాలితో చూతురు. సంక్రాంతికి ఊరికేగునప్పుడు అయిదుగురి కారులో ఏడుగురు, డిక్కీలో బియ్యపు బస్తా. పూర్తి బరువునకు చీటిలో వేరుగా చూపిన పెద్ద అంకెను పాటింపవలసిన ఆ ఒక్కదినమున గాలి సంగతియే ఎవరికిని జ్ఞాపకముండదు. నైట్రోజను మాట యెత్తను; సర్వేశ్వరుడు గాలిలో నూటికి 78 వంతులు ఉచితముగా కలిపి పంపినదానిని టైరుకింత యని కొనుచున్నవారి ఔదార్యమునకు అడ్డుపడరాదు.

మొన్న ఖజానావారితో నేనును టైర్ల దుకాణమునకు పోయితిని. దుకాణదారుడు అరచేతితో టైరును తడిమి, “మధ్యలో గుండైపోయింది సార్. గాలి ఎక్కువ కొట్టిస్తున్నారు. నాలుగూ మార్చాలి” అన్నాడు. ఖజానావారు కండ్లజోడు సవరించుకొని, వంగి, రెండంచులను సావకాశముగా పరిశీలించి, “ఇటూ అటూ కొత్తవే కదటయ్యా! వాటి మటుకు ఎంత తగ్గిస్తావో చెప్పు” అనిరి.