కండల కావ్యమునకు అరకు వ్యాఖ్య

అవతారిక. అరకు లోయలో, దారి ప్రక్కన కాఫీ కాచు బడ్డీ ముందు, వ్యాయామశాల నుండి దిగివచ్చిన కుర్రవాండ్రు ఫోను తెరపై నలువదేండ్ల నాటి దేహదారుఢ్య పోటీని నిన్న జరిగినదానివలె చూచుచు పలుకు వాక్యమొకటి కలదు. అందు కర్త కానరాడు, కర్మ కానరాదు. కోపము మాత్రము స్పష్టముగా కానవచ్చును. మహాకావ్యములకు టీకలు వ్రాసి పండితులు అలసియున్న యీ కాలమున దీనికెవడును పూనుకొనకుండుట చూచి, నేను సాహసించితిని.

మూలము. “ఆడికెలాగిచ్చినార్రా? ఈడి పిక్కలు సూసినారేటి?”

ప్రతిపదార్థము. ఆడికి = ప్రథమస్థానము పొందినవానికి, అనగా వక్తకు గిట్టనివానికి; ఎలాగు = ఏ కంటితో చూచి; ఇచ్చినారు = న్యాయనిర్ణేతలు కట్టబెట్టిరి; రా = ప్రక్కనున్న మిత్రుని పిలుపు, వాడును అదే పక్షమువాడని ధ్వని; ఈడి = ద్వితీయస్థానమున మిగిలినవాని; పిక్కలు = మోకాలి క్రింద వెనుకవైపు కండలు; సూసినారేటి = చూడనే లేదు. ఇది ప్రశ్నవలె నుండు నిషేధము. దీనికి సమాధానము చెప్పబూనువాడు అమాయకుడు.

తాత్పర్యము. ఆడు అనగా ఆర్నాల్డ్ శ్వార్జెనెగ్గర్ అనియు, ఈడు అనగా క్రిస్ డికర్సన్ అనియు సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. 1975లో ఆరవ మిస్టర్ ఒలింపియా బిరుదమును గొని రంగము విడిచిన ఆర్నాల్డు, ‘కోనన్’ చలనచిత్రము కొరకు మరల కండలు పెంచుచుండి, తాను పోటీకి దిగుచున్న సంగతి తోడివారికి కడపటి ఘడియ వరకు తెలియనీయక, 1980 అక్టోబరు 4న సిడ్నీ ఒపెరా హౌసున వేదిక నెక్కి ఏడవ బిరుదమును పట్టుకొనిపోయెను. డికర్సను ద్వితీయుడు, అంతకు ముందు మూడేండ్లు వరుసగా గెలిచిన ఫ్రాంక్ జేను తృతీయుడు, అయిదవవాడైన మైక్ మెంట్‌జరు మరి పోటీకి రాలేదు. సభలో కొందరు జయజయధ్వానములకు బదులు గేలి చేసిరి. మరుసటియేడు కొలంబసు నగరమున, ఆర్నాల్డే నిర్వాహకులలో ఒకడైన పోటీయందు, ఆయన చిరకాలమిత్రుడు ఫ్రాంకో కొలంబు ప్రథముడయ్యెను. 1977లో వీపున రిఫ్రిజిరేటరు మోయుచు పరుగెత్తు పందెమున కాలు చెడగొట్టుకొన్న వీరుడాయన! ద్వితీయుడు మరల డికర్సనే.

డికర్సను పిక్కలు ఆ రంగమున పేరుమోసినవి. మైదానపు కుర్రవాడు ముందుగా జబ్బ చూచును, చొక్కాచేయి మడిచిన చాలును గనుక. కొండవాని కన్ను అటు పోదు. భుజమున కావడి వేసికొని, మడమ నేల కాననీయక ముందరి పాదముతోనే నిట్టనిలువు కాలిబాట నెక్కు మనిషి వెనుక నడచినవానికి, కంటి యెదుట కదలునవి ఆ మనిషి పిక్కలే గదా. అడుగుపడినపుడెల్ల అవి బిగిసి, రెండుగా చీలి, మరల సడలుచుండును. కావున మూలమున ‘పిక్కలు’ అను పదము యాదృచ్ఛికము గాదు. అరకువాడు తానెరిగిన ప్రమాణముతోనే సిడ్నీ తీర్పును కొట్టివేయుచున్నాడు. 1982లో లండనున, నలువదిమూడేండ్ల ప్రాయమున, డికర్సను ఎట్టకేలకు గెలిచెను. “అప్పుడు సూసినారు” అని బడ్డీవాని ఉపవ్యాఖ్య.

విశేషములు. లంచమే కారణమని ఒక వ్యాఖ్యాత. రుజువు చూపడు, కనుక త్రోసివేయదగును. నాకు తోచినది వేరు. వేదికపై ప్రతివాని లాగునకును నంబరు బిళ్ళ తగిలింతురు, పేరు మరచి దేహమునే చూడుడని కాబోలు; కాని దానికి రెండడుగుల పైన జగమెరిగిన ముఖమొకటి నవ్వుచుండగా నంబరును చూచువాడెవడు? ఈ లోయలోనే ఏటేట జరుగు ‘జెమ్స్ ఆఫ్ అరకు’ కాఫీ పోటీయందు, పరదేశపు రుచిపరులు చెంచాతో జుర్రుమని పీల్చి మార్కులు వేయునపుడు, గిన్నెలోని కషాయమునకు రైతు ముఖముండదు. ఆ భాగ్యము కండలకు లేదు.

బలపరీక్షల కీ తగవు లేదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి ఛాతీకి చుట్టిన ఇనుపగొలుసు తెగినదా లేదా అని తేల్చుటకు న్యాయనిర్ణేతల బల్ల అవసరము రాలేదు. అదే సిడ్నీలో, 2000లో, ఊసవానిపేట కరణం మల్లేశ్వరి 110, 130 వెరసి 240 కిలోలెత్తి ఒలింపిక్సు కంచు పతకము తెచ్చినపుడు, ఈమె భుజముల పొందిక యెట్టిదని అడిగినవాడు లేడు. కండల పోటీయందు ఎత్తవలసినదేమియు లేదు, చూపవలసినదే యున్నది. పైగా నేటి లెక్కలో న్యాయనిర్ణేతలు ఇచ్చిన స్థానములను కూడి, మిక్కిలి తక్కువ వచ్చినవానినే మిక్కిలి గొప్పవాడందురు. పరీక్షలలో ఈ పద్ధతి యుండెనేని మావంటివారము ఏనాడో ప్రథములము.

పాఠాంతరము. ‘ఈడి పిక్కలు’ అనుచోట ‘ఈడి ఈపు’ అని కొందరు చదువుదురు. జేను పక్షమువారు ‘ఈడి నడుం’ అందురు. అర్థమునకు లోపము లేదు. చివర ‘ఛార్జింగయిపోనాది’ అని మరియొక వాక్యము వినబడుచున్నది గాని అది ప్రక్షిప్తము.