మొక్కు తీరేదెలా?

హైదరాబాద్ హాస్టళ్లలో పాతికేళ్లు నిండని కుర్రాళ్లకు పొద్దున్నే మొదటి పని దిండు మీద వెంట్రుకలు ఏరి లెక్కపెట్టుకోవడం. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలేనని చర్మవైద్యులు మొత్తుకుంటున్నా, మనవాడికి 23 దగ్గరే గుండె గుభేల్. ముద్దాయి ఎవరంటే బోరు నీళ్లు! గది చూడ్డానికి వెళ్తే ఇదివరకు అద్దె అడిగేవారు, ఇప్పుడు ముందు ‘మంజీరా నీళ్లు వస్తాయా?’ అంటున్నారు. నాన్నది బట్టతల. మేనమామది బట్టతల. గోడ మీది ఫొటోలో దండ వెనక తాతగారిదీ అదే నిగనిగ. అయినా తప్పు బోరు నీళ్లదే.

ఇక వైద్యం. ఉల్లిరసం పట్టించి ఆఫీసుకెళ్తే పక్క సీటువాడు ‘బజ్జీలెక్కడివిరా?’ అంటాడు. మినాక్సిడిల్ కథ ఇంకా తమాషా. మొదట అది రక్తపోటు మందు. మింగినవాళ్లకు ఒంటి మీద వెంట్రుకలు మొలిచేసరికి కంపెనీవాళ్లు దాన్ని నెత్తికి మళ్లించారు. అది పనిచేసినవాళ్లకు కూడా, వాడటం మానేస్తే, మొలిచింది కాస్తా కొన్ని నెలల్లో మళ్లీ రాలిపోతుంది. ఇంటి ఈఎంఐ 20 ఏళ్లకైనా తీరుతుంది గానీ, ఈ సీసాది తీరదు.

పెళ్లిచూపులకు పంపే ఫొటోలన్నిట్లోనూ టోపీయే. మనాలీలో సరే, మచిలీపట్నంలో మే నెలలో తీసిన దాంట్లోనూ ఉన్నికుళ్లాయే! ‘అబ్బాయి టోపీ తీసింది ఒక్కటి పంపండి’ అని అమ్మాయి తరఫువాళ్లు కబురు పెట్టారు.

బెంగపడ్డ తల్లి ఏడుకొండలవాడికి మొక్కేసింది: మావాడికి జుట్టు ఒత్తుగా వస్తే, తలనీలాలు ఇప్పిస్తానని.