మూడు పేజీల పత్రం జీవితకథ

ఒకే రకం యాంటీబాడీని (మోనోక్లోనల్ యాంటీబాడీ) ఎంతకాలమైనా తయారుచేసుకునే పద్ధతిని చెప్పిన ఈ పత్రం 1975 ఆగస్టు 7న 'నేచర్' పత్రిక 256వ సంపుటంలో, 495 నుంచి 497 వరకు మూడు పేజీల్లో అచ్చయింది. పూర్తి వ్యాసంగా కాదు, 'లెటర్' అనే చిన్న విభాగంలో. రాసింది ఇద్దరు. జర్మనీ నుంచి వచ్చిన జార్జ్ కోలర్‌కు అప్పటికి ముప్ఫై ఏళ్లు నిండలేదు. అర్జెంటీనాలో పుట్టిన సీజర్ మిల్‌స్టీన్ స్వదేశంలో తన బృందంలోని వారిని తొలగించినందుకు నిరసనగా ఉద్యోగం వదిలి, 1963లో కేంబ్రిడ్జికి చేరారు. పత్రం పుట్టింది అక్కడి మాలిక్యులర్ బయాలజీ ప్రయోగశాలలోనే.

పత్రం విప్పిన చిక్కు పాతదే. జంతువుకు టీకా వేసి రక్తం తీస్తే దొరికేది రకరకాల యాంటీబాడీల కలగలుపు. ఆ జంతువు చనిపోతే సరిగ్గా అదే కలగలుపు మళ్లీ రాదు. ఒక్కో బి కణం ఒకే రకం యాంటీబాడీని తయారుచేస్తుంది కానీ, ప్రయోగశాలలో పెంచితే కొద్ది రోజులకే చచ్చిపోతుంది. మైలోమా అనే క్యాన్సర్ కణం మాత్రం ఎన్నాళ్లయినా పెరుగుతూనే ఉంటుంది. 1973లో మిల్‌స్టీన్, ఆయన సహపరిశోధకుడు కాటన్ రెండు మైలోమా కణాలను కలిపి చూపించారు. ఈ పత్రానికి కన్నతల్లి ఆ పరిశోధనే.

కోలర్ గొర్రె ఎర్రకణాలతో టీకా వేసిన ఎలుక ప్లీహం నుంచి కణాలు తీసి, సెండాయ్ వైరస్ సాయంతో వాటిని మైలోమా కణాలతో కలిపారు. తరువాత వాటిని పెంచిన ద్రావణంలో అమినోప్టెరిన్ ఉంది. డీఎన్ఏ తయారీకి కణం వాడే మామూలు దారిని అది మూసేస్తుంది. పక్కదారికి కావలసిన ఎంజైము మైలోమా కణాల్లో లేదు కాబట్టి అవి చనిపోతాయి. ప్లీహ కణాలు ఎలాగూ ఎక్కువ రోజులు బతకవు. ఒకరి నుంచి ఎంజైమును, మరొకరి నుంచి ఆయుష్షును పొందిన జంటకణమే మిగులుతుంది. మిగిలినవాటిని గొర్రె ఎర్రకణాలు పరిచిన పొరలో పెట్టి చూశారు. యాంటీబాడీ విడుదల చేసే కణం చుట్టూ ఎర్రకణాలు పగిలిపోయి, ఎర్రటి పొరలో తేటగా గుండ్రటి మచ్చ కనిపించింది. ఈ మూడు పేజీల బలమంతా ఆ మచ్చల్లోనే ఉంది.

ఈ పద్ధతికి పేటెంటు తీసుకోలేదు. అడిగిన ప్రయోగశాలలకు మిల్‌స్టీన్ తన మైలోమా కణాలను పంచిపెట్టారు. పత్రం ఇంత దూరం వ్యాపించడానికి ఆ ఉదారతే ముఖ్య కారణమని చెప్పాలి. 1984లో కోలర్, మిల్‌స్టీన్‌లకు నీల్స్ యెర్నేతో కలిపి నోబెల్ వచ్చింది. గొర్రె ఎర్రకణాల పొర పరీక్ష యెర్నే రూపొందించినదే.

పత్రాన్ని ఉటంకించిన రచనలు పదివేలు దాటాయి. అయినా నేటి కొలమానాలకు దాని విలువ సరిగా అందదు. హెచ్-ఇండెక్స్ లెక్కలో ఎన్ని వేల ఉల్లేఖనలున్నా ఒక పత్రం ఒక్కటే. పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ రెండేళ్లనాటి రచనల వరకే చూస్తుంది, ఈ పత్రం నుంచి మందులేమో దశాబ్దం దాటాకే వచ్చాయి. అవయవ మార్పిడి రోగుల కోసం ఎలుక యాంటీబాడీతో చేసిన తొలి మందుకు 1986లో అమెరికాలో అనుమతి దొరికింది. 1997లో రిటుక్సిమాబ్, 1998లో ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందులు వచ్చాయి. 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్‌కు బయోసిమిలర్‌గా (దాన్ని పోలిన జీవ ఔషధంగా) రెడిటక్స్‌ను విడుదల చేసింది.

మందులకన్నా పరీక్షల్లో దీని వాడుక ఇంకా విస్తారం. చిన్న పట్టణపు ల్యాబులో బ్లడ్ గ్రూపు చూసేటప్పుడు గాజుపలక మీద రెండు రక్తపు చుక్కలు వేసి, ఒకదానిలో నీలం ద్రవం, మరోదానిలో పసుపు ద్రవం కలుపుతారు. ఏది గడ్డకట్టి ఇసుకలా విరిగితే ఆ గ్రూపు. ఆ ద్రవాలు ఇప్పుడు ఎక్కువగా మోనోక్లోనల్ యాంటీబాడీలే. గర్భ నిర్ధారణ పట్టీ కూడా అంతే. వీటిని వాడేవారెవరూ పత్రాన్ని ఉటంకించరు, ఉటంకించాల్సిన అవసరమూ లేదు. ఒక పరిశోధన ప్రభావాన్ని వెతకవలసింది మొదట ఇలాంటి చోటనే, ఉల్లేఖనల పట్టికలో తరువాత.

కొత్త మందుల తయారీ ఇప్పుడు కొంతవరకు వేరే దారి పట్టింది. పత్రం పుట్టిన కేంబ్రిడ్జి ప్రయోగశాలలోనే గ్రెగ్ వింటర్ 1986లో ఎలుక యాంటీబాడీని మనిషి యాంటీబాడీకి దగ్గరగా మలిచారు. తరువాత బ్యాక్టీరియా వైరస్‌ల మీద యాంటీబాడీలను ప్రదర్శించే ఫేజ్ డిస్‌ప్లే పద్ధతితో ఎలుక అవసరమే లేకుండా చేశారు. 2002లో వచ్చిన అడలిముమాబ్ అనే మందు ఆ పద్ధతి ఫలమే.  పరిశోధనకూ పరీక్షలకూ కావలసిన యాంటీబాడీల కోసం మాత్రం 1975 నాటి కణసంకర పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.