కడుక్కోండి... నీళ్లొస్తే!

2020 మార్చి 25న కరోనా దెబ్బకు దేశానికి తాళం పడింది. ఫోన్ చేస్తే ముందు దగ్గు, ఆ వెనకే హితబోధ: చేతులు కడుక్కోండి, 20 సెకన్లు! ఏ సమస్యకైనా చేతులు దులుపుకోవడమే అలవాటైన దొరలు కడుక్కోమని చెప్పడం అదే మొదలు.

లెక్క చూద్దాం. కుళాయి నిమిషానికి 6 లీటర్లు పోస్తుందనుకుంటే, కట్టకుండా 20 సెకన్లు కడిగితే 2 లీటర్లు. ఇంట్లో ఐదుగురు, తలా పదిసార్లు: 100 లీటర్లు. జలజీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు ఇస్తానన్నది 55. అంటే ఇంచుమించు ఇద్దరి వాటా ఒట్టి చేతులకే! (అదీ కుళాయి వచ్చిన రోజున.)

మా చోడవరం చుట్టుపక్కలంతా చెరకు, బెల్లం. పాకం అంటిన చెయ్యి కూడా రెండు చెంబులతో వదిలేది. ఈ కంటికి కనబడనిదానికి బిందె కావాలట.

వీధి కుళాయి దగ్గర మనుషుల కోసం సున్నంతో గుండ్రాలు గీశారు. వాటిల్లో బిందెలు బుద్ధిగా, ఎడంఎడంగా నిలబడ్డాయి. వాటి యజమానులు మాత్రం ఎదురింటి అరుగు మీద ఒకరి భుజం ఒకరు రాసుకుంటూ కబుర్లు.

ఇంట్లో పాల ప్యాకెట్టుకి సబ్బు స్నానం. వంకాయలకు ఉప్పునీళ్లు, ఆపైన పసుపునీళ్లు. గడియతాళానికీ కడుగుడే. ఇక తువ్వాలు భుజానేసుకుని వచ్చిన ఇంటాయనకి జవాబు:

"గోలెం అడుగంటింది. మీరు రేపు పోసుకుందురుగాని లెండి. ఎక్కడికెళ్లాలి గనక?"