అరెకరానికి ఏడు గట్లు

యూనిక్స్ తరహా సిస్టమ్ వేసుకునేటప్పుడు డిస్కును ఎన్ని పార్టిషన్లు చేయాలన్న ప్రశ్న చాలా చిన్నది. దానికి వచ్చే జవాబులే చేంతాడంత. 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌కు రూట్, బూట్, స్లాష్ యూజర్, స్లాష్ వార్, స్లాష్ టెంప్, స్లాష్ హోమ్, స్వాప్ అంటూ ఏడు గట్లు వేసి, దేనికెన్ని జీబీలో క్షణంలో చెప్పే పండితులకు కొదవ లేదు. ఇంట్లో ఎంతమంది ఉంటారో అడక్కుండానే వంటగది ఏ మూలన కట్టాలో చెప్పే వాస్తు సిద్ధాంతికీ వీరికీ తేడా ఒక్కటే: సిద్ధాంతి దక్షిణ పుచ్చుకుంటాడు.

ఈ శాస్త్రం బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. యూనిక్స్ కర్తలు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1974లో ప్రచురించిన వ్యాసంలోని పీడీపీ-11 కంప్యూటర్ డిస్కుల్లో ఒక మెగాబైటు స్థిర డిస్కు, రెండున్నర మెగాబైట్ల చొప్పున పట్టే కార్ట్రిడ్జ్ డ్రైవులు నాలుగు ఉన్నాయి. ఇప్పటి ఫోను తీసే ఫొటో ఒక్కటి అలాంటి కార్ట్రిడ్జ్‌లో పట్టడమే కష్టం. ఆ తొలి రోజుల ఇరుకులో సిస్టమ్ ప్రోగ్రాములు తమ డిస్కులో చోటు చాలక, వాడుకరుల ఫైళ్లుండే స్లాష్ యూజర్ డిస్కులోకి పొంగాయి. స్లాష్ యూజర్ స్లాష్ బిన్ అలా వచ్చిందే. చివరికి అద్దెకు దిగినవాళ్లకు ఇల్లు దక్కింది. ఇంటివాళ్లు బయటికొచ్చి స్లాష్ హోమ్ కట్టుకున్నారు. ఈ ఇరుకు కాపురానికి తర్వాతివాళ్లు తత్త్వం అల్లారు: స్లాష్ బిన్‌లోవి అత్యవసరాలట, అవతలివి కావట. ఫెడోరా 2012లో తన 17వ వెర్షన్‌లో రెంటినీ కలిపేసింది. ఏ ఉపద్రవమూ రాలేదు. స్లాష్ యూజర్‌కు వేరే గట్టు వేయమనే సలహా మాత్రం ఇంకా చెల్లుబాటులోనే ఉంది.

బూట్ గట్టుకు ఒకప్పుడు గట్టి కారణమే ఉండేది. పాత బయోస్‌కు 1024వ సిలిండర్ దాటితే కన్ను ఆనేది కాదు కాబట్టి కెర్నెల్‌ను డిస్కు మొదట్లోనే కూర్చోబెట్టాల్సి వచ్చేది. సిలిండర్లే లేని ఎస్ఎస్‌డీలో ‘ముందువైపు చదవడం వేగం’ అంటూ స్థలం ఎంచేవాళ్లు నేటికీ కనిపిస్తారు. తిరిగే పళ్లెమే లేనిచోట ముందేది, వెనకేది?

అసలు వైభవమంతా స్వాప్‌ది. ర్యామ్‌కు రెట్టింపు ఉండాలన్నది ఈ శాస్త్రంలో వేదవాక్కు. కొన్ని పాత యూనిక్స్‌లలో మెమరీలో ఉన్న ప్రతి పేజీకీ స్వాప్‌లో ముందే చోటు కేటాయించాలి. స్వాప్ తక్కువైతే కొన్న ర్యామ్ కూడా వాడుకలోకి రాదు. ఆ యంత్రాలకు రెట్టింపు సబబే. 2001లో వచ్చిన లినక్స్ 2.4 తొలి వెర్షన్లూ తమ సొంత కారణాలతో అదే కోరాయి, తర్వాత మానేశాయి. కారణం పోయినా సూత్రం మిగిలింది. దాన్ని పాటిస్తే 64 జీబీ ర్యామ్ ఉన్నవాడు 128 జీబీ స్వాప్‌కు ధారపోయాలి, అంటే 512 జీబీ డిస్కులో పావువంతు. మెమరీ ఎంత ఎక్కువ కొంటే మెమరీ చాలనప్పటి ఏర్పాటు అంత పెద్దది కావాలట! హైబర్నేట్ చేసేవారికి ర్యామ్ అంత చోటుంటే చాలు. ఉబుంటు 2017 నాటి 17.04 నుంచి స్వాప్ పార్టిషన్ మాని ఫైలుతో సరిపెడుతోంది. ఫైలైతే చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. గట్టు తవ్వాలంటే పలుగు తేవాలి.

గట్లన్నీ దండగేమీ కాదు. పదిమంది లాగిన్ అయ్యే సర్వర్‌లో లాగ్ ఫైళ్లు ఉబ్బి రూట్‌ను ముంచకుండా స్లాష్ వార్‌ను విడదీయడం వివేకమే. ఓపెన్‌బీఎస్‌డీ ఇన్‌స్టాలర్ పెద్ద డిస్కు కనిపిస్తే తనంతట తానే పది దాకా ముక్కలు చేస్తుంది, కానీ ఒక్కో ముక్కకు నోసూయిడ్, నోడెవ్ వంటి కాపలాలు పెట్టడానికి. మన పండితుల ల్యాప్‌టాప్‌లలో గట్లు ఉంటాయి, కాపలా ఉండదు. స్లాష్ హోమ్‌ను వేరుగా ఉంచితే సిస్టమ్‌ను మళ్లీ వేసుకున్నా సొంత ఫైళ్లు మిగులుతాయి. బ్యాకప్‌కు బద్ధకించేవారికి అదీ ఒక దారే, డిస్కే పోనంతవరకు.

ఫెడోరా 2020లో డెస్క్‌టాప్‌కు డిఫాల్ట్‌గా తెచ్చిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో సబ్‌వాల్యూములన్నీ ఒకే ఖాళీని పంచుకుంటాయి. జీబీలు ముందే తూచి పెట్టే పనే లేదు. శాస్త్రజ్ఞులకు ఇది బొత్తిగా రుచించలేదు.

శాస్త్రోక్తంగా వేసిన గట్లు ఏడాది తిరిగేసరికి ఎలా ఉంటాయో చూడాలి. స్లాష్ వార్‌కు 8 జీబీ చాలని లెక్క. డాకర్ తన ఇమేజ్‌లన్నీ అక్కడే పోస్తుందని ఆ లెక్కకు తెలియదు. ఒక రాత్రి అప్‌డేట్ సగంలో ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని ఆగుతుంది. డీఎఫ్ కొట్టి చూస్తే స్లాష్ వార్ నూటికి నూరు. పక్కనే స్లాష్ హోమ్‌లో 340 జీబీ ఖాళీ. హోమ్‌ను కోసి ఇద్దామంటే, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే కుంచించుకోవడానికి ససేమిరా అంటుంది. ఈఎక్స్‌టీ4 అయితే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, హోమ్‌ను కుదించి, దాని మొదలును వెనక్కి జరపాలి. ఈలోగా కరెంటు పోకూడదు. తెల్లవారుజామున యజమాని డాకర్ ఫోల్డర్‌ను స్లాష్ హోమ్‌లోకి తరలించి, పాతచోట ఒక సిమ్‌లింక్ పెట్టి పడుకుంటాడు. సిస్టమ్ సామాను మళ్లీ వాడుకరి ఇంట్లోకి చేరింది. బెల్ ల్యాబ్స్‌లో అది డిస్కు చాలక. ఇక్కడ డిస్కులో మూడింట రెండొంతులు ఖాళీగా ఉండగా.