పెట్టెలో ఇరవై ఏళ్ళు: కెన్నెవిక్ ఎముకల ఆత్మకథ

ఆ ఎముకలకే నోరుంటే కథను పుర్రె దగ్గర కాదు, తుంటి దగ్గర ఎత్తుకుంటాయి. కుడి తుంటి ఎముకలో ఆకు ఆకారపు రాతి ఈటె మొన ఒకటి దిగబడి ఉంది. దాని చుట్టూ ఎముక మళ్ళీ పెరిగి రాయిని తనలో ఇముడ్చుకుంది. "ఈ పోటు పడేనాటికి నాకు ఇరవై ఏళ్ళు నిండలేదు. దీన్ని మోస్తూనే మరో ఇరవై ఏళ్ళు బతికాను, వేటాడాను" అని చెప్పుకుంటాయి.

ఆ ఎముకల మనిషి పోయి సుమారు 8,500 ఏళ్ళయింది. పేర్లు అప్పటివి కావు గానీ, చోటు ఇప్పటి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, కొలంబియా నది ఒడ్డు. పోయేనాటికి నలభై దాటి ఉండవు. ఈటెలు విసిరీ విసిరీ కుడి భుజం గూటి అంచు చిట్లింది. పక్కటెముకలు కొన్ని విరిగాయి, అవి చివరిదాకా సరిగా అతకనే లేదు. ఆ నొప్పితో రాత్రిళ్ళు ఏ పక్కకు తిరిగి పడుకునేవాడో! చెవి రంధ్రంలో చిన్న ఎముక బొడిపెలున్నాయి. చన్నీళ్ళలో పదే పదే మునిగేవాళ్ళకు అలా పెరుగుతాయి. పళ్ళు అరిగి చదునయ్యాయి. తిన్న తిండి గుర్తు కూడా ఎముకలోనే మిగిలింది. ఐసోటోపుల లెక్కను బట్టి అందులో ఎక్కువ భాగం సముద్రంతో ముడిపడినదే.

పోయాక ఎవరో ఆయనను వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు ఒంటి పక్కకు చేర్చి, శ్రద్ధగా పూడ్చారు. ఆ శ్రద్ధ వేల ఏళ్ళు నిలిచింది.

1996 జూలై 28న ఆ నది ఒడ్డునే ఉన్న కెన్నెవిక్‌లో పడవ పందేలు చూడ్డానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళకు నీళ్ళలో పుర్రె కనిపించింది. వెతికితే దాదాపు 300 ముక్కలు దొరికాయి. పుర్రె పొడవుగా, సన్నగా ఉండటంతో తెల్లజాతి లక్షణాలన్న మాట పుట్టి పత్రికలకెక్కింది. ఉమటిల్లా, యాకమా, నెజ్ పెర్స్, కొల్విల్, వనపమ్ తెగలవాళ్ళు మాత్రం ఈయన మా పూర్వీకుడు, ఇచ్చేస్తే మట్టి చేసుకుంటామన్నారు. వాళ్ళు ఆయనను 'ప్రాచీనుడు' అని పిలుచుకున్నారు. ఇవ్వొద్దు, పరిశోధించాలి అంటూ ఎనిమిది మంది శాస్త్రవేత్తలు కోర్టుకెళ్ళారు.

ఎముకల అసలు ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. "నా వంశం ఏదని వాదించుకున్నవాళ్ళు నా తొడ ఎముకలనైనా కాపాడలేకపోయారు" అంటే కాదనగలవారెవరు? తొడ ఎముకల ముక్కలు కొన్ని 1996లోనే మాయమై, ఐదేళ్ళ తర్వాత ఒక ప్రభుత్వ కార్యాలయపు బీరువాలో బయటపడ్డాయి. ఎముకలు తేలిన ఒడ్డు మీద 1998లో వందల టన్నుల రాళ్ళూ మట్టీ పోసేశారు. ఆ నేలలో ఇంకేమి మిగిలి ఉన్నాయో చూసే దారి అలా మూసుకుపోయింది. అదే ఏడాది మిగతా ఎముకలు సియాటిల్‌లోని బర్క్ మ్యూజియం చేరాయి. మనమైతే అస్థికల ముంతను ఇంట్లోకి కూడా తేకుండా చెట్టుకు కట్టి, వీలైనంత త్వరగా నదిలో కలుపుతాం. ఆ తెగల పెద్దలకు ఈ ఎదురుచూపు ఎంత బరువై ఉంటుందో అందుకే మనకు కొంతైనా అర్థమవుతుంది.

2004లో కోర్టు శాస్త్రవేత్తల పక్షాన తీర్పిచ్చింది. ఈటె మొన, భుజం, పక్కటెముకల కథ ఇంత వివరంగా తెలిసింది ఆ తర్వాతి పరీక్షల వల్లే. అందుకని పరిశోధనే తప్పనడానికి నోరు రాదు. అసలు ప్రశ్నకు జవాబు మాత్రం పుర్రె కొలతల్లో దొరకలేదు, చేతి ఎముకలోంచి తీసిన చిటికెడు పొడిలో దొరికింది. డెన్మార్క్ శాస్త్రవేత్త ఎస్కె విల్లర్స్లెవ్ బృందం అందులోని డీఎన్ఏ చదివి 2015లో ఫలితం ప్రకటించింది. పోల్చి చూడ్డానికి కొల్విల్ తెగవాళ్ళు తమ డీఎన్ఏ నమూనాలిచ్చారు. ప్రపంచంలో నేడున్న ప్రజలందరిలోకీ అమెరికా ఆదివాసులే ఆయనకు దగ్గరివాళ్ళని తేలింది. మనవళ్ళు మొదటి రోజు నుంచీ అన్నమాటే అది.

ఎముకలను తెగలకు తిరిగి ఇవ్వాలని 2016 డిసెంబరులో చట్టం వచ్చింది. 2017 ఫిబ్రవరి 17న పెట్టెలు తెగల చేతికి అందాయి. మర్నాడు పొద్దున్నే ఐదు తెగలవాళ్ళు, రెండు వందల మందికి పైగా చేరి, ప్రాచీనుణ్ణి మళ్ళీ నేలలో పడుకోబెట్టారు. ఎక్కడన్నది బయటివాళ్ళకు చెప్పలేదు.